టొలీడోలో పాడిన గొంతు

ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడి ముక్కలు వేయిస్తుంటే, రేడియోలో ఒక ముసలాయన నా తమ్ముడు నిర్దోషి అని తేల్చేశాడు. తను చేసిన పని ఆయనకు తెలియదు.

అది పాపా ఫ్లెచ్ కార్యక్రమం. డెట్రాయిట్‌లో నా ఈడు వాళ్లందరి ఇళ్లలో ఆదివారం మధ్యాహ్నం అదే మోగుతుంది. పాత ఆడపిల్లల బృందాల రికార్డులు వేస్తాడు. ఫోన్లు చేసిన వాళ్లు జ్ఞాపకాలు చెప్పుకుంటారు. మేం ముగ్గురు అక్కచెల్లెళ్లం అద్దం ముందు చీపురు మైకులా పట్టుకుని పాడేవాళ్లం అని ఒకావిడ. వాళ్లలా జుట్టు ఎత్తుగా కట్టుకుందని మా ఆవిణ్ణి పెళ్లాడాను, పెళ్లయ్యాక తెలిసింది అది విగ్గని అని ఒకాయన. నేను నవ్వుకుంటూ వినేదాన్ని. కానీ ఓపలీన్స్ పాట వస్తే మాత్రం పొయ్యి తగ్గించి కూర్చునేదాన్ని. ఆ బృందంలో ముందు నిలబడి పాడే డెల్ఫీన్ బాస్కమ్ నాకు మరదలు కావలసిన పిల్ల.

"ఇప్పుడు లైన్లో టొలీడో నుంచి మిస్టర్ లియోటిస్ క్రంప్" అన్నాడు ఫ్లెచ్.

నా చేతిలో పట్టకారు ఆగిపోయింది. ఆ పేరు నేను కోర్టులో విన్నాను.

"చెప్పండి మిస్టర్ క్రంప్. ఎవరి గురించి?"

"ఇంకెవరి గురించి నాయనా? డెల్ఫీన్ గురించే. ఆమె మా టొలీడోలో చివరిసారి పాడినప్పుడు నేను ముందు వరసలో ఉన్నా. పాపం, ఆ రాత్రే కదా ఆ దుర్మార్గుడు..."

"అవునండీ. గుర్తుంది."

"ఆ వాన పాట చివర గొంతు పైకి లేస్తుంది చూడు, గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు? అచ్చం రికార్డులో ఉన్నట్టే పాడింది. వెంట్రుకవాసి తేడా లేదు. నా తల మీద జుట్టంతా లేచి నిలబడింది."

"ఇప్పుడుందా మరి, ఆ జుట్టు?"

"అప్పుడు లేచింది, అటే పోయింది."

ఇద్దరూ నవ్వారు. నూనెలో ముక్కలు మాడిపోతున్నాయి. నేను కదల్లేదు.

డెల్ఫీన్ ఆ పాట చివరను రికార్డులో ఉన్నట్టు ఎన్నడూ పాడలేదు. పాడలేదు కాదు, పాడలేకపోయేది. స్టేజీ మీద ఆమె కోసం బ్యాండు వాళ్లు శ్రుతి కిందికి దించేవాళ్లు. మా వంటింట్లో బంగాళదుంపలు తొక్క తీస్తూ పాడినా అంతే, కింది గొంతుతోనే. ఒకసారి అడిగాను కూడా. "స్టూడియోలో టేపు కాస్త వేగంగా తిప్పుతారు వదినా, గొంతు దానంతటదే పైకి వెళ్తుంది" అంది. నేను నమ్మాను. నా తమ్ముడు హాలిస్ నమ్మాడు.

టేపును తిప్పవచ్చు. స్టేజీ మీద నిలబడిన మనిషిని ఎలా తిప్పుతారు?

రికార్డులో ఉన్నట్టే పాడిందంటే, టొలీడోలో పాడింది డెల్ఫీన్ కాదు.

*

ఇది నా తమ్ముడికి ఎందుకు ముఖ్యమో చెప్పాలి.

అరవై ఆరు, అక్టోబరు. హాలిస్ కార్ల ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు చేసేవాడు. తలుపులు బిగించే వరసలో, అటూ ఇటూ వంద మంది మధ్య. షిఫ్టు దిగి రాత్రి డెల్ఫీన్ ఇంటికి వెళ్లేసరికి ఆమె రేడియేటరు పక్కన పడి ఉంది, తల పగిలి. వాడు ఆమెను ఒళ్లోకి తీసుకుని అరుస్తూ కూర్చున్నాడు. పోలీసులు వచ్చేసరికి వాడి చొక్కా నిండా ఆమె రక్తం.

ఆ సాయంత్రం నాలుగింటికి ఇల్లు అద్దెకిచ్చినావిడ డెల్ఫీన్‌తో మాట్లాడింది. ఆ తరువాత ఆమె గంట దూరంలోని టొలీడో వెళ్లి పాడిందని, షో అయ్యాక తనే కారులో తెచ్చి గుమ్మం ముందు దించానని బృందం మేనేజరు రోస్కో టిలరీ సాక్ష్యం చెప్పాడు. అంటే చంపినవాడు షో తరువాతే చంపాలి. ఆ సమయానికి హాలిస్ షిఫ్టు దిగాడు. వేరే ఎవరూ ఆ గదిలోకి రాలేదన్నారు.

టిలరీ మాట మీదే అయితే జ్యూరీ తటపటాయించేదేమో. కానీ లియోటిస్ క్రంప్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. పేపర్లో చదివి, తన అభిమాన గాయనికి న్యాయం జరగాలని టొలీడో నుంచి సొంత ఖర్చుతో వచ్చి, బైబిలు మీద చెయ్యి పెట్టి, "నేను ఆమెను చూశాను, విన్నాను" అని కన్నీళ్లు పెట్టుకున్నాడు. జ్యూరీలో ఇద్దరు ఆడవాళ్లు కూడా ఏడ్చారు. హాలిస్‌కు యావజ్జీవం పడింది.

ఇప్పుడు తొంభై ఒకటి. వాడి ఊపిరితిత్తులు పాడైపోయాయి. జైలు ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. ఇంకో చలికాలం గడవదని డాక్టరు నాతో అన్నాడు. కొత్త సాక్ష్యం ఉంటే తప్ప కేసు తిరిగి తెరవరని లాయరు మిస్ పెటివే చెబుతూనే ఉంది.

టొలీడోలో పాడింది డెల్ఫీన్ కాకపోతే, షోకు ముందే ఆమెను చంపేశారు; ఆ వేళకు హాలిస్ ఫ్యాక్టరీలో వంద మంది మధ్య ఉన్నాడు. కొత్త సాక్ష్యం ఎక్కడో లేదు. రికార్డులోనే ఉంది.

*

మర్నాడు బస్సు డ్యూటీ దిగి యూనిఫారంతోనే లిన్‌వుడ్ వీధిలో మంగలి షాపుకు వెళ్లాను. పాకెట్ యాన్సీ పగలంతా అక్కడే కూర్చుంటాడు. కత్తిరించడానికి తల మీద ఏమీ లేదు. ఒకప్పుడు ఓపలీన్స్ రికార్డులన్నిటికీ బాస్ గిటార్ వాయించింది అతనే.

"వాన పాట రికార్డులో పాడిందెవరు?" అన్నాను.

"ఓపలీన్స్."

"ఓపలీన్స్‌లో ఎవరు?"

"ఏంటమ్మాయ్, బస్సు దారి తప్పిందా? డెల్ఫీన్."

"అబద్ధాలాడే వయసా నీది?"

"నా వయసులో మిగిలేవి అవే."

షాపులో అందరూ నవ్వారు. నేను అతని ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. హాలిస్ మంచం గురించి చెప్పాను. అతని నవ్వు మెల్లగా దిగింది.

"అప్పట్లో అది తప్పనుకోలేదెవరూ" అన్నాడు గొంతు తగ్గించి. "గౌను వేసుకుని తిరగడానికి అందమైన పిల్ల కావాలి. టేపు మీదికి ఎక్కడానికి గొంతు కావాలి. రెండూ ఒకే మనిషిలో దొరికితే మంచిదే. దొరక్కపోతే టిలరీ రెండు చోట్ల కొనేవాడు. జనానికెలా తెలుస్తుంది? రికార్డు కవరు మీద ఏ బొమ్మ ఉంది చెప్పు?"

"గొడుగు."

"గొడుగే. నల్ల మొహం వేస్తే తెల్లవాళ్ల కొట్లలో పెట్టరని గొడుగు వేశారు. ఊళ్లలో జనం గొంతును ప్రేమించారు, మొహం ఎరగరు. ఎవరొచ్చి నిలబడితే వాళ్లే డెల్ఫీన్."

"ఆ గొంతు ఎవరిది?"

అతను మంగలివాడి వైపు చూశాడు, అద్దం వైపు చూశాడు, చివరికి నా వైపు.

"మాడీన్ సైక్స్. పెద్ద పాటలన్నీ ఆ పిల్లవే. తూర్పు వైపు మౌంట్ హెర్మన్ చర్చిలో కోయిర్ పిల్లలకు పాటలు నేర్పుతోంది ఇప్పుడు. నా పేరు చెప్పకు. చెప్పినా ఫర్వాలేదులే, టిలరీ ఎలాగూ పోయాడు."

టిలరీ పోయి ఎనిమిదేళ్లు. తెల్ల గుర్రాల బండి మీద తీసుకెళ్లారు. మేయరు కార్యాలయం నుంచి పూలు వచ్చాయి. ఆ ఊరేగింపుకు దారి ఇవ్వడానికి నా బస్సు ఆపించారు.

*

శనివారం మౌంట్ హెర్మన్‌లో ఎవరిదో అంత్యక్రియల భోజనం. చర్చి కింద వంటింట్లో ఆకుకూర కడుగుతూ దొరికింది మాడీన్ సైక్స్. భారీ మనిషి, తెల్ల ఏప్రన్, మెడ మీద ఆపరేషన్ చేసిన గీత. మాటలో జీర. నేను చొక్కా చేతులు పైకి మడిచి పక్క తొట్టి దగ్గర నిలబడ్డాను. చర్చి వంటింట్లో పని అందుకున్నవాళ్లను నువ్వెవరని అడగరు.

"సిస్టర్ మాడీన్, ఒక మాట విన్నాను. వాన పాట మీరే పాడారట కదా?"

ఆమె చెయ్యి నీళ్లలో ఆగింది. "ఎవరన్నారు?"

"పాకెట్ యాన్సీ."

"ఆ ముసలి పీనుగకు నోరు ఆగదు." కానీ మొహం వెలిగింది. "నాదే. పద్దెనిమిదేళ్లప్పుడు. ఒక్క టేకులో. చివర నేను పైకి వెళ్తే ఇంజనీరు చెవులు మూసుకున్నాడు తెలుసా? మీటరు విరిగిందనుకున్నాడు."

"ఎంత అన్యాయం. ఊరంతా పాడుకున్న పాట, ఒక్కసారైనా స్టేజీ మీద పాడలేదన్నమాట మీరు."

అది వల. వేస్తున్నప్పుడే నాకు తెలుసు.

"ఎందుకు పాడలేదు?" అంది ఆమె వెంటనే. "పాడాను. ఒక్కసారి. అబ్బ, ఆ జనం! నా గొంతు వాళ్లకు ముందే తెలుసు. మొదటి మాటకే లేచి నిలబడ్డారు. గౌను నాది కాదు, బిడ్డ పుట్టి ఎన్నాళ్లు కాలేదు, జిప్పు ఎక్కలేదు. వెనక నడుము దాకా పిన్నులే. ఊపిరి తీస్తే గుచ్చుకుంటున్నాయి. అయినా పాడాను. ముందు వరసలో ఒకడు కోటు విప్పి స్టేజీ అంచున పరిచాడు, రాణి కోసం పరిచినట్టు. నేను దాని మీద కూర్చుని చివరి చరణం..."

"టొలీడోలో" అన్నాను.

ఆకులు తొట్టిలోకి జారిపోయాయి.

"ఎవరు నువ్వు?"

"హాలిస్ గెయిన్స్ అక్కని."

వెనక ఎవరో ఆవిడ, "సిస్టర్, ఆ కూర ఇవాళే ఉడుకుతుందా, పునరుత్థానం రోజునా?" అని కేకేసింది. మాడీన్ కుళాయి కట్టేసి, నా మోచెయ్యి పట్టుకుని సామాన్ల గదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది.

"చీకటి పడకముందే మా ఇంటికి వచ్చాడు టిలరీ" అంది గుసగుసగా. "చేతిలో డెల్ఫీన్ గౌను, విగ్గు. డెల్ఫీన్ తాగి పడుకుంది, స్టేజీ నువ్వు ఎక్కు అన్నాడు. వెనక పాడే ఇద్దరూ ఆ వారమే క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన కొత్త పిల్లలు, డెల్ఫీన్ మొహం కూడా చూడలేదు. నన్నే డెల్ఫీన్ అనుకున్నారు. ఆమెను చంపారని తెల్లారి పేపర్లో చూశాను. అడిగితే, ఆమె గౌను వేసుకున్నదెవరు, ఆమె పేరుతో పాడిందెవరు, నేనా నువ్వా అన్నాడు. చంటిబిడ్డతో ఉన్నాను. ఏం చెయ్యమంటావు?"

"అప్పుడు కాదు. వాడు చచ్చాక?"

ఆమె అరలోని డబ్బాలు సర్దసాగింది.

"వాడు చచ్చి ఎనిమిదేళ్లు. ప్రతి ఆదివారం నా తమ్ముడు మంచం మీద దగ్గుతున్నాడు. మీరు ఇక్కడ పిల్లలకు స్తోత్రాలు నేర్పుతున్నారు."

"నన్ను లోపల వేస్తారు."

"లాయరును అడిగాను. ఇప్పుడు ఏమీ చెయ్యలేరు." అది నిజమే. తరువాత అన్న మాట కూడా నిజమే, కానీ అనడానికి నాకు మొహం చెల్లలేదు. "ప్రతి ఆదివారం రేడియోలో ఆ పాట డెల్ఫీన్ పాడిందని చెబుతారు. మీరు సంతకం పెడితే, పాడింది మీరేనని పాపా ఫ్లెచ్‌తో చెప్పిస్తాను. ఊరంతా వింటుంది."

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"నాకే ఎర వేస్తున్నావా? సిగ్గు లేదూ?"

"ఎప్పుడో పోయింది, సిస్టర్."

ఆమె ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంది, ఒక్కో వేలూ.

"కూర పొయ్యి మీద పెట్టి వస్తాను. ఆకలితో ఉన్నారు వాళ్లు."

*

మిస్ పెటివే వాంగ్మూలం రాసుకుని పెన్ను కింద పెట్టింది. "ఒక్కరి మాట చాలదు మిస్ గెయిన్స్. ఇన్నేళ్ల తరువాత పేరు కోసం వచ్చిందంటాడు ప్రాసిక్యూటరు. ఆ హాల్లో ఉన్నవాళ్లు ఇంకొకరు కావాలి. క్రంప్ తన మాట వెనక్కి తీసుకుంటే, జడ్జి కాదనలేడు."

ఆ ఆదివారమే నా పాత కారులో మాడీన్‌ను ఎక్కించుకుని టొలీడో బయలుదేరాను. ఫ్లెచ్ దగ్గర క్రంప్ చిరునామా తీసుకున్నాను. దారంతా ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో పాటో తెలియలేదు.

క్రంప్ గాజు ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాడు. సన్నటి మనిషి, ఆదివారం సూటు, మెరిసే బూట్లు. డెల్ఫీన్ తాలూకు వాళ్లమని ఫోన్లో చెప్పానేమో, గుమ్మంలోనే నా రెండు చేతులూ పట్టుకున్నాడు. భార్య ఓజెల్లా కాఫీ, కేకు తెచ్చి పెట్టి, గోడ వారగా కుర్చీలో కూర్చుంది. సొరుగులోంచి ఆయన ఆనాటి టికెట్ తీసి చూపించాడు. ప్లాస్టిక్ కాగితంలో చుట్టి ఉంది.

"ఇది నాతో పాటు పెట్టెలో పెట్టమన్నాను మా ఆవిణ్ణి."

"ముందు మీరు పోతారని ఎవరు చెప్పారు?" అంది ఓజెల్లా.

"చూశారా? ఇంకో నలభై ఏళ్లు బతికిస్తుంది, మాటలతో."

నేను ఇంక ఆలస్యం చెయ్యలేదు. "మిస్టర్ క్రంప్, ఆ రోజు మీరు విన్నది ఈమెను. డెల్ఫీన్‌ను కాదు."

ఆయన నవ్వాడు. మా ఇద్దరినీ చూసి ఆపేశాడు.

"వేళాకోళమా?"

"కాదండీ" అంది మాడీన్.

"అయితే పాడు."

"అది కుదరదు. గొంతుకు కోత పడింది."

"పాడు! ఆ ఒక్క చివరి మాట చాలు."

మాడీన్ లేచి నిలబడింది. ఊపిరి తీసింది. నోట్లోంచి వచ్చింది గొంతు కాదు, తలుపు కిర్రుమన్నట్టు ఒక శబ్దం. దగ్గు. ఆమె చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. క్రంప్ టికెట్‌ను సొరుగులో పెట్టి మూశాడు.

"కాఫీ తాగి వెళ్లండి" అన్నాడు. "ఆ పిల్ల చచ్చిపోయింది. ఇంకా ఆమె పేరు తినడానికి వచ్చారు."

"మీ కోటు లోపలి గుడ్డ ఎర్రటిది" అంది మాడీన్.

ఆయన కదల్లేదు.

"పైన బూడిదరంగు, లోపల ఎరుపు. స్టేజీ అంచున పరిచారు. నేను కూర్చున్నాక, కోటు తడిసిపోతుంది, చెమట పట్టింది అన్నాను మీకు మాత్రమే వినపడేలా. మీరేమన్నారో చెప్పనా? ఇంకెప్పుడూ ఉతకనులెండి అన్నారు."

క్రంప్ మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. ఆయనకు తెలిసిపోయింది. ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది: ఎవరు పాడారో, కోర్టులో తను ఏం చెప్పాడో, దాని వల్ల ఒక మనిషికి ఏమైందో.

"సంతకం పెట్టండి" అన్నాను. "మీరు తెలియక చెప్పారు. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు. నా తమ్ముడు చచ్చిపోతున్నాడు."

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాను నేను."

"తెలియక చెప్పారు."

"ఇప్పుడు తెలిసిందని సంతకం పెడితే, ఇన్నేళ్లు ఆ కుర్రాడు..." ఆయన సూటు గుండీ పెట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "వద్దు. పాడింది డెల్ఫీనే. నేను చూశాను. నేను విన్నాను. నా చేత అబద్ధం ఆడించలేరు మీరు."

"అబద్ధం ఆడుతున్నది ఇప్పుడే" అన్నాను.

"వెళ్లండి మా ఇంట్లోంచి."

మాడీన్ పర్సు తీసుకుంది. నేను లేవలేకపోయాను. ఆ మంచం, ఆ దగ్గు, అన్నీ ఈ ముసలాయన గుండీ దగ్గర ఆగిపోయాయి.

అప్పుడు గోడ వారగా ఉన్న కుర్చీ చప్పుడైంది.

"ఆ గౌను వెనక జిప్పు ఎక్కలేదు" అంది ఓజెల్లా.

మేం ముగ్గురం ఆమె వైపు తిరిగాం. జిప్పు సంగతి ఆ గదిలో నేను ఎత్తలేదు. మాడీన్ ఎత్తలేదు.

"ఆమె వెనక్కి తిరిగినప్పుడల్లా కనపడింది. నడుము దాకా పిన్నులు. ఇంత పెద్ద గాయని, కుట్టు విప్పి సర్దేవాళ్లు లేరా అనుకున్నా. తరువాత పేపర్లో డెల్ఫీన్ ఫోటో వేశారు. పుల్లలా ఉంది. ఈ పిల్లకు ఆ గౌను పట్టకపోవడమేంటి అనుకున్నా."

"ఓజీ!" అన్నాడు క్రంప్. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు కబురు పెడితే వచ్చిన ఆ పోలీసాయన మిమ్మల్నే అడిగాడు. నన్ను కాఫీ పెట్టమన్నాడు."

"నేను కోర్టుకు వెళ్తున్నప్పుడైనా..."

"మీ మాట తప్పని వందమందిలో నిలబడి చెప్పనా? పెళ్లయి ఎన్నాళ్లయిందని అప్పటికి? ఆ షో దారిలోనే కదా మీరు నన్ను అడిగింది. ఎవరైనా కావచ్చు, ఆ రాత్రి ఎవరో ఒకరు పాడారు, మీరు నా చెయ్యి పట్టుకున్నారు. నాకు అది చాలనుకున్నా." ఆమె నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు లేవు. "చాలదని ఇప్పుడు తెలుస్తోంది. ఎక్కడ పెట్టాలమ్మా సంతకం?"

ఆమె రాస్తుండగా క్రంప్ బయటి వరండాలోకి వెళ్లిపోయాడు. మేం కారెక్కేటప్పుడు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, మెరిసే బూట్ల వైపు చూస్తూ. తల ఎత్తలేదు.

*

పిటిషన్ మీద హాలిస్ సంతకం కావాలి. జైలు ఆసుపత్రిలో వాడి మంచం పక్కన కాగితాలు పెట్టాను. ముక్కులో గొట్టం, దిండు కింద చిన్న రేడియో, దాని తీగ చెవి దాకా. ప్రతి ఆదివారం వాన పాట కోసం కాచుకుని ఉంటాడు. జైల్లో చేరినప్పటి నుంచి అంతే. "ఆమె నా చెవిలో పాడుతుంది అక్కా" అనేవాడు. దారంతా నేను భయపడింది ఇందుకే.

వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు.

"రికార్డులోని గొంతు మాడీన్ సైక్స్‌ది అంటే?"

"అదేరా."

"వాన పాటలోనా?"

"అన్నిట్లో. పెద్ద పాటలన్నిట్లో."

"వెనక కోరస్‌లోనైనా?"

పాకెట్‌ను మళ్లీ కలిసి అడిగాను ఆ సంగతి. వాడి కోసమే అడిగాను. "లేదు. డెల్ఫీన్‌ను స్టూడియోలోకి రానిచ్చేవాళ్లు కాదట. గౌనుల కొలతలకు, ఫోటోలకు పిలిచేవాళ్లు."

"అంటే ఎక్కడా లేదా? ఒక్క ముక్క?"

"లేదు తమ్ముడూ."

చెవిలోంచి తీగ తీసి దుప్పటి మీద పెట్టాడు. పక్క మంచం మీద ఎవరో నీళ్లు అడుగుతున్నాడు, ఎవరూ ఇవ్వడం లేదు.

"ఈ ఒక్క వరస తీసెయ్యరాదా అక్కా?"

"అది తీసేస్తే మిగతాదేదీ నిలబడదు. ఆ వరసే నీ తలుపు."

"సరే" అని పెన్ను అందుకున్నాడు. రాశాక కాగితం నా వైపు తోశాడు. "ఆమెను రెండుసార్లు చంపారు. మొదటిది నేను చెయ్యలేదు."

*

మార్చిలో జడ్జి శిక్ష రద్దు చేశాడు. ప్రాసిక్యూటరు తిరిగి కేసు పెట్టలేదు. హాలిస్ ఆక్సిజన్ సిలిండరు లాగుకుంటూ బయటికి వచ్చాడు. గేటు దగ్గర పత్రికల వాళ్లు ఎలా ఉందని అడిగితే "చలిగా ఉంది" అన్నాడు.

నేను మాట నిలబెట్టుకున్నాను. ఫ్లెచ్ మాడీన్‌ను స్టూడియోకు పిలిచి ఊరికి చెప్పాడు. ఫోన్లు ఆగలేదట. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో రేడియో పెట్టలేదు. హాలిస్ నన్ను శ్మశానానికి తీసుకెళ్లమన్నాడు. వాడు ఆమె సమాధి ఎన్నడూ చూడలేదు.

అభిమానులు చందాలు వేసుకుని పెట్టిన రాయి. తెల్లటి పాలరాయి. డెల్ఫీన్ బాస్కమ్ అన్న పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో: వానలోనూ వినిపించే గొంతు. పై అంచున చెక్కిన గొడుగు.

హాలిస్ సిలిండరు నిలబెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ అక్షరాలను బొటనవేలితో రుద్దాడు, పోతాయేమో అన్నట్టు. వాడికి ఊపిరి అందేదాకా ఆగాను.

"ఆమె ఇంట్లో పాడేది కదా" అన్నాడు చివరికి. "ఇది ఆమెది కాదు. ఎవరి సొత్తో తెచ్చి ఆమె మీద ఎందుకు పెట్టాలి?"

"ఏం చెయ్యమంటావు?"

"తీయించు. పేరు ఉంచి మిగతాది చెక్కేయమను."

జులైలో వాడు పోయాడు, మా ఇంట్లో, కిటికీ తీసి ఉన్న గదిలో. వాడిని ఆమె పక్కనే పెట్టాం. ఆ వారమే రాతిపని వాడు వచ్చాడు. ఉలి పెట్టి పేరు కింది అక్షరాలన్నీ చదును చేశాడు, గొడుగు కూడా. పేరు కింద చెయ్యి వేస్తే పల్లంగా తగిలే గరుకు చోటు మిగిలింది.

"ఇక్కడ ఏం రాయాలండీ?" అన్నాడు.

"ఏమీ వద్దు" అన్నాను.